పదికి తొమ్మిది

ఇరవయ్యారేళ్ళ సర్వీసులో మాస్టారి చేత పదికి పది వేయించుకున్న పిల్లగాని, పిల్లవాడుగాని లేరు. ఆ సంగతి ఆయన భార్యకి తెలిసినంత బాగా మరొకరికి తెలియదు. ఆవిడ అదే బడి ఆఫీసులో గుమాస్తా. ప్రోగ్రెస్ కార్డులన్నీ ఆవిడ చేతి మీదుగానే నిండేవి. తక్కిన సబ్జెక్టుల గడుల్లో అంకెలు చూసి చూసి ఎక్కించే మనిషి, లెక్కల గడికి వచ్చేసరికి మాత్రం క్లాసులో ఫస్టు వచ్చిందెవరో తెలిస్తే చాలు, కాగితం చూడకుండానే తొమ్మిది వేసేసేది. ఒక్కసారీ తప్పు పోలేదు. పిల్లలు ఆయనకి తొమ్మిది మాస్టారని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఆయనకీ తెలుసు. కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడా ఉండేది.

"పది వెయ్యడమంటే, నీకు ఇక నేర్పేదేం లేదు, వెళ్ళిరా అని చెప్పడం," అనేవారు స్టాఫ్ రూములో. "అలా వెళ్ళిరా అని చెప్పాల్సిన పిల్ల ఇంకా నాకు తగల్లేదు."

"మీకు తగలదు లెండి. ఎదురుపడినా మీరే పక్కకి తప్పుకుంటారు," అనేది డ్రిల్లు టీచరు. అందరూ నవ్వేవారు. మాస్టారి భార్యా నవ్వేది, ఆ రోజుల్లో.

అలాంటి మనిషితో ఆవిడ సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో నాలుగు రోజులు ఉండడానికి వచ్చింది. వచ్చింది అనడం కంటే, చెల్లెలు తోలింది అనడం న్యాయం.

"ఆ ఇంట్లో మీరిద్దరూ ఎదురెదురుగా పెట్టిన రెండు బీరువాల్లా ఉన్నారక్కా. తలుపులు తీస్తే ఒకదానికొకటి తగులుతాయని తియ్యడం కూడా మానేశారు. నాలుగు రోజులు గాలి మారితే మాటలొస్తాయి," అని టికెట్లు చేతిలో పెట్టింది. చెల్లెలి మనసు మంచిదే. ఊరుకోవడం చేతకాదు, అంతే.

ఆ రిసార్టులో ఏది చూసినా రెండు. జంటల విశ్రాంతి కోసమే కట్టిన చోటు అది. వరండాలో సముద్రం వైపు తిప్పిన కుర్చీలు రెండు, టీ కప్పులు రెండు, గోడకి కొక్కేలు రెండు, స్నానాల గదిలో సబ్బులు రెండు. మూడోది ఎక్కడా లేదు. ముగ్గురుగా బతికిన వాళ్ళకి ఆ లెక్క ఎలా తగులుతుందో అవి అమర్చిన వాళ్ళకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

వాళ్ళకిచ్చింది ఏడో నెంబరు కాటేజీ. దాని పని చూసే అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. నీలం రంగు యూనిఫాం, వల కట్టిన ముడి, నడిచి నడిచి ఒక పక్కకి అరిగిన చెప్పులు. తలుపు తీసి, ఏ స్విచ్చి దేనిదో చూపించి, పక్కకి తొలగింది. మంచం మీద రెండు తెల్లటి తువ్వాళ్ళు హంసల్లా మడిచి, ముక్కు ముక్కు ఆనించి పెట్టి ఉన్నాయి.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. "ఇది ఎవరు చేశారమ్మా?"

"నేనే సార్."

"బాగుంది. ఎడమ వైపు దాని మెడ ఒక్కటే కాస్త వాలింది."

"రేపు నిలబెడతాను సార్," అంది ఆ అమ్మాయి, నవ్వు చెరగకుండా.

"ఏమండీ, ఆ పిల్ల పరీక్ష రాయడానికి రాలేదు," అంది ఆవిడ.

"బాగుందనే అన్నానోయ్. మెడ సంగతి తనకి తెలియాలి కదా."

సాయంత్రం ఇద్దరూ వరండాలో ఆ రెండు కుర్చీల్లో కూర్చున్నారు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. చూడడానికి అంతకంటే ఏమీ లేదు. చాలాసేపటికి మాస్టారు గొంతు సవరించుకుని, "సముద్రం బాగుంది కదూ," అన్నారు.

"మీరే చెప్పాలి. ఎన్ని వేద్దాం?" అంది ఆవిడ.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడకి కడుపులో చల్లగా అనిపించింది. పద్నాలుగు నెలలుగా ఆవిడకి దొరుకుతున్న చల్లదనం అదొక్కటే.

పద్నాలుగు నెలల కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చిట్టి పోయింది. పన్నెండేళ్ళ పిల్ల. జ్వరమని ఆసుపత్రిలో చేర్పిస్తే, అది జ్వరం కాదు, ఇంకేదో అన్నారు. పందొమ్మిదో రోజు మధ్యాహ్నం చిట్టి తనంత తనే మంచం దిగింది. సెలైన్ స్టాండు పట్టుకుని కిటికీ దాకా ఆరడుగులు నడిచి, మళ్ళీ ఆరడుగులు వెనక్కి వచ్చింది. మంచం అంచున కూర్చుని ఆయాసపడుతూ, "నాన్నా, నా నడకకి ఎన్ని?" అని అడిగింది. అది ఆ ఇంట్లో రోజూ ఉండే ఆటే. టీ పెడితే అడిగేది, జడ వేసుకుంటే అడిగేది, తుమ్మితే కూడా అడిగేది.

"తొమ్మిది," అన్నారు మాస్టారు. "వెనక్కి వచ్చేటప్పుడు కాలు ఈడ్చావు. రేపు చూద్దాం."

"పిసినారి నాన్న," అని నవ్వి పడుకుంది చిట్టి. తెల్లవారేసరికి లేదు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయి, ఇల్లు ఖాళీ అయిన రోజున ఆవిడ ఆయన్ని ఒక్కటే అడిగింది. "దానికి పది అని ఉంటే మీ సొమ్మేం పోయేది?" మాస్టారు చేతిలో గ్లాసు ఉంటే దాన్ని కడగడానికి వెళ్ళారు. కడిగిన గ్లాసునే చాలాసేపు కడిగారు. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడంలో ఉన్న పదును అడగడంలో లేదని ఆవిడకి త్వరలోనే తెలిసింది. ఆ ప్రశ్న ఇంట్లో అలా నిలబడే ఉంది. అన్నం వడ్డించేటప్పుడు ఉంది, దీపం ఆర్పేటప్పుడు ఉంది. మాస్టారు దానికి తగలకుండా పక్కనుంచి నడవడం నేర్చుకున్నారు.

రెండో రోజు పొద్దున ఆయన ఒడ్డు వెంట నడకకి వెళ్ళారు. ఆ అమ్మాయి పక్కబట్టలు మార్చడానికి వచ్చింది.

"దుప్పటి మార్చనా అమ్మా?"

"అమ్మా అనకు. మేడమ్ అను. మీ వాళ్ళు నేర్పింది అదేగా."

"అదే మేడమ్. నోరు జారింది." ఆ అమ్మాయి ఏమీ నొచ్చుకోలేదు, లేదా నొచ్చుకోవడం బయటికి కనిపించనివ్వలేదు.

ఆవిడ కుర్చీలో కూర్చుని ఆ పని చూసింది. పాత దుప్పటిని ముందు నాలుగు మూలలూ లోపలికి మడిచి, అప్పుడు ఎత్తింది. ఇసుక ఒక్క రేణువు నేల మీద పడలేదు. కొత్తదాన్ని ఒక్క విసురుకి పరిచి, మూలల్ని కవరు అంటించినట్టు మడిచి పరుపు కిందికి తోసి, అరచేతిని ఈ చివరి నుంచి ఆ చివరికి లాగింది. ముడత మిగల్లేదు. ఆ తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, పరుపు ఎత్తుకి కళ్ళు ఆనించి మరోసారి చూసుకుంది.

"అంత అవసరమా? రాత్రికి మళ్ళీ నలిగేదేగా," అంది ఆవిడ.

"మీకు అక్కర్లేదు మేడమ్. నాకు అవసరం."

"అంటే?"

ఆ అమ్మాయి గుమ్మం వైపు ఒకసారి చూసింది. ఎవరూ లేరు. చాలా రోజులుగా ఎవరికీ చెప్పుకోని మాట కాబోలు, అడ్డుకట్ట తీసినట్టు వచ్చేసింది. "రెండేళ్ళ నుంచి టెంపరరీ మేడమ్ నేను. మీరు వెళ్ళేటప్పుడు కౌంటర్లో ఒక కార్డు ఇస్తారు. గదికి విడిగా, గది చూసిన మనిషికి విడిగా మార్కులు వెయ్యమంటారు. వరసగా నలభై జంటలు మనిషికి పదికి పది వేస్తే పర్మినెంట్ చేస్తారు. మధ్యలో ఎవరైనా ఒక్కటి తగ్గించారనుకోండి, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. వైకుంఠపాళి ఆట. రెండుసార్లు పాము మింగింది నన్ను. ఒకసారి ఇరవై రెండు దగ్గర, ఒకసారి ముప్పై దగ్గర."

"ఇప్పుడు ఎక్కడున్నావు?"

"ముప్పై తొమ్మిది అయ్యాయి మేడమ్."

ఆ అమ్మాయి దిండు చేతిలోకి తీసుకుంది.

"పర్మినెంట్ అయితే వెనకాల క్వార్టర్సులో గది ఇస్తారు. పిల్లని దగ్గర పెట్టుకోనిస్తారు. మా పాప మా అత్తగారి దగ్గరుంది. నెలకోసారి వెళ్ళి చూసొస్తాను. మొన్న వెళ్తే నన్ను ఆంటీ అంది." ఆ మాట చెప్పి ఆ అమ్మాయి నవ్వింది. నవ్వి, దిండు గలీబు తొడగడంలో పడింది. "దాని తప్పేముంది మేడమ్. నెలకోసారి కనిపించేవాళ్ళందరూ దానికి ఆంటీలే. వచ్చే నెలకి ఐదు నిండుతాయి. ఐదు దాటిన పిల్లల్ని క్వార్టర్సులోకి కొత్తగా రానివ్వరు. అదీ రూలే."

ఫోను తీసి చూపించింది. రెండు పిలకలు, ముందు పన్ను ఒకటి లేదు, చేతిలో ఏదో కొరికిన పండు. ఆవిడ చూసి, ఫోను వెనక్కి ఇచ్చేసింది.

అప్పుడు గుర్తొచ్చినట్టు ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. "ఇదంతా చెప్పకూడదు మేడమ్. మార్కుల కోసం అతిథుల్ని అడుక్కుందని తెలిస్తే నన్ను గేటు బయట పెడతారు. ఎవరితోనూ అనకండి. సార్‌తో కూడా."

"అనను," అంది ఆవిడ.

ఆ అమ్మాయి వెళ్ళాక ఆవిడ కొత్త దుప్పటి మీద చెయ్యి పెట్టి కూర్చుంది. లోపల ఏదో కదిలింది. జాలి అనుకుంది మొదట. చాలాసేపు జాలే అనుకోవడానికి చూసింది. కాని జాలికి ఇంత వేడి ఉండదు. ఎవరో ఒక మాస్టారు ఒక అంకె వేస్తే ఈ పిల్ల కూతురు దీనికి తిరిగి వచ్చేస్తుంది. ఒక్క అంకెతో. లోకంలో అంత తేలికైన పనులు కూడా ఉంటాయన్న మాట.

మూడో రోజు ఆవిడ కాలు నీళ్ళ దగ్గర రాయి మీద జారి చీలమండ వాచింది. ఆ అమ్మాయి ఐసు ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చి, నేల మీద కూర్చుని, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ సందుల్లో ఇసుక కడిగింది. డ్యూటీ దిగిపోయే వేళ దాటిపోయినా కదల్లేదు.

"నీకు ఇంత మంచితనం ఉందా, ఆ కార్డు కోసమా?" అని అడిగింది ఆవిడ, మాస్టారు స్నానాల గదిలో ఉన్నారని చూసుకుని.

ఆ అమ్మాయి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "రెండూ మేడమ్. ఏది ఎంతో నాకూ తెలియదు."

అంత నిజం చెబుతుందని ఆవిడ అనుకోలేదు. కసిరే వీలు కూడా లేకుండా పోయింది.

మాస్టారు బయటికి వచ్చి, మంచం మీద కొత్త హంసల్ని చూశారు. ఈసారి మెడలు రెండూ నిక్కి ఉన్నాయి. "ఇది నాకు నేర్పుతావా?" అని అడిగారు. ఇరవయ్యారేళ్ళుగా నేర్పిన మనిషి అలా అడగడం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"మీకా సార్? రండి." ఆ అమ్మాయి తువ్వాలు పరిచింది. "రెండు అంచులూ మధ్యకి చుట్టుకు రండి. బిగించి, సార్. వదులైతే మెడ నిలవదు. ఆ... అలా కాదు, మీది పాపం కోడిలా ఉంది."

"కోడి మాత్రం పక్షి కాదా?"

"పక్షే సార్. మేం హంస అని రాసుకున్నాం బ్రోచర్లో."

మాస్టారు నవ్వారు. గొంతులోంచి, భుజాలు కదిలేలా నవ్వారు. పద్నాలుగు నెలల తరవాత ఆ నవ్వు. ఆవిడ వాచిన కాలు స్టూలు మీద పెట్టుకుని విన్నది. తన ముందు నవ్వని మనిషి, ఈ పిల్ల ముందు నవ్వాడు. నాలుగోసారికి మాస్టారి హంస ఎలాగో నిలబడింది. మెడ వంకర, ఒక రెక్క జారిపోయింది.

ఆ అమ్మాయి చప్పట్లు కొట్టి, "పదికి పది సార్," అంది.

మాస్టారి నవ్వు ఆగిపోయింది. "దీనికా? అంత తేలిగ్గా ఇచ్చేస్తావా?"

"ఇస్తే నా సొమ్మేం పోతుంది సార్?"

తనేం తప్పు మాట్లాడిందో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, తడి గుడ్డలు పోగు చేసుకుని వెళ్ళిపోయింది. మాస్టారు తన హంసని విప్పి, తువ్వాలు మామూలుగా నాలుగు మడతలు పెట్టి కొక్కేనికి తగిలించారు.

పొద్దు వాలేవేళ మళ్ళీ వరండాలో కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే ప్రయాణం.

"రేపు కౌంటర్లో కార్డు ఒకటి ఇస్తారట," అన్నారు మాస్టారు, సముద్రాన్ని చూస్తూనే.

"ఇస్తారేమో."

"ఆ అమ్మాయికి ఏం వేద్దామంటావు?"

ఆవిడ తల తిప్పి చూసింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క వాక్యం. ఒక్కటి తగ్గినా ఆ పిల్ల మళ్ళీ మొదటికొస్తుందండీ. అంతే. పాత కాగితం చదివినంత తేలిక. కాని ఆ వాక్యం వెనకాలే ఇంకోటి వచ్చి నిలబడింది. ఇప్పుడు చెబితే ఆయన ఆలోచిస్తారు. తెలుసుకుని, జాగ్రత్త పడతారు. ఆలోచించుకునే అవకాశం ఆసుపత్రిలో ఆయనకి రాలేదని కదా ఈ మనిషి తనని తాను క్షమించుకుంటున్నది. చెప్పకూడదు. వెయ్యనివ్వాలి. తన చేత్తో తను మళ్ళీ తొమ్మిది వేశాక, ఇక దిద్దుకునే వీలు దాటిపోయాక, అప్పుడు చెప్పాలి. చూడండి, మీ తొమ్మిదితో ఇంకో తల్లికి పిల్ల లేకుండా పోయింది, అని. అప్పుడు తగులుతుంది దెబ్బ. తగలాల్సిన చోట.

పైగా ఆ పిల్లే కదా చెప్పొద్దంది. సార్‌తో కూడా అనకండి అని తన నోటితోనే అంది. అంతకంటే మంచి తాళం ఎవరిస్తారు.

"మీరేం వేస్తారో నాకు తెలియదా?" అంది ఆవిడ. "నన్నడగడం దేనికి?"

"ఊరికే అడిగాను."

"కార్డులు చూడకుండా నింపినదాన్ని నేను."

ఆవిడ ఐసు కరిగిపోయిన గుడ్డని పిండి, అరుగు మీద ఆరేసింది.

మర్నాడు కౌంటరు దగ్గర మేనేజరు చిరునవ్వుతో కార్డు ముందుకు జరిపాడు. టై కట్టుకున్న సన్నటి మనిషి. ఆ అమ్మాయి వాళ్ళ రెండు పెట్టెలూ తెచ్చి, నాలుగడుగుల దూరంలో నిలబడింది. జుట్టు ఈ రోజు మరీ నున్నగా దువ్వుకుంది. చేతులు ముందు కట్టుకుంది. ఆ చేతులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో గోళ్ళు తెల్లబడి ఉండడం చూస్తే తెలుస్తోంది.

మాస్టారు పెన్ను తీసుకున్నారు. గదికి ఎనిమిది వేశారు. కుళాయి ఒకటి కారుతోందని పక్కన రాశారు. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. తల ఎత్తి భార్య వైపు చూశారు. ఆవిడ పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తోంది. మూడు రెక్కలు. ఒకదాని మీద దుమ్ము ఉంది. ఆవిడ ఆ దుమ్మునే చూసింది. కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడయ్యేదాకా కళ్ళు దించలేదు. దించాక కనిపించింది, చిన్న సున్న చుట్టి కిందికి లాగిన తోక. ఇన్నేళ్ళూ వందల కాగితాల మీద చూసిన తోకే.

మేనేజరు కార్డు తిప్పుకుని, అలవాటు ప్రకారం పైకి చదివాడు. "గదికి ఎనిమిది. కుళాయి ఇవాళే బాగుచేయిస్తాం సార్. సేవకి..." ఒక్క క్షణం ఆగాడు. "సేవకి తొమ్మిది. చాలా థాంక్స్ సార్."

"తొమ్మిది నా దగ్గర అందరికీ రాదండి," అన్నారు మాస్టారు. "ఆ అమ్మాయి చాలా బాగా చూసుకుంది. అది కూడా రాసుకోండి."

"తప్పకుండా సార్." మేనేజరు ఏమీ రాసుకోలేదు. కార్డుని సొరుగులో వేసి, ఆ అమ్మాయి వైపు చూడకుండానే, "సామాను," అన్నాడు.

ఆ అమ్మాయి మాస్టారి వైపు చూడలేదు. ఆయనకేం తెలుసు, పాపం, అనుకుని ఉంటుంది. ఆవిడ వైపు చూసింది. అందులో కోపం లేదు, ఏడుపు లేదు. ఒకసారి చూసిన మనిషిని ఇంకోచోట చూస్తే గుర్తుపట్టాలి కదా, అలా చూసింది. తరవాత వంగి పెట్టెలు ఎత్తుకుంది. వ్యాను దాకా మోసింది. వాచిన కాలు కదా అని ఆవిడకి మోచెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించింది. ఆ చెయ్యి ఐసులా ఉంది.

"మళ్ళీ రండి సార్. మళ్ళీ రండి మేడమ్," అంది.

అతిథుల బండి గేటు దాటేదాకా గది మనిషి నిలబడి చెయ్యి ఊపాలన్నది అక్కడి పద్ధతి. ఊపింది. వెనక అద్దంలో ఆవిడ చూసింది. బండి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి గాలిలో అలాగే ఉంది.

రోడ్డు ఒడ్డు వెంటే పోతోంది. ఆవిడ పావుగంట ఆగింది. రెండు రోజులుగా పంటి కింద దాచుకున్న మాట కదా, తొందరేముంది. దారి మీద లారీలు తగ్గి, వ్యాను లోపల మాట వినబడే వీలు చిక్కాక, మెల్లగా, ప్రోగ్రెస్ కార్డు చదివే గొంతుతో మొదలుపెట్టింది.

"ఏమండీ, మీ తొమ్మిదితో ఆ పిల్ల పని అయిపోయింది. తెలుసా?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "తెలుసు," అన్నారు.

"ఏం తెలుసు?"

"నలభై జంటలు. క్వార్టర్సులో గది. పాపకి వచ్చే నెల ఐదేళ్ళు." ఆయన ఇటు తిరగలేదు. "నిన్న పొద్దున నడకలో వాచ్‌మన్ చెప్పాడు. ఆ ఒడ్డున వాడికి తెలియని సంగతి లేదు."

ఆవిడకి, కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాలిలో తిరిగి వచ్చి తనకే తగిలినట్టయింది. "తెలిసే వేశారా?"

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండో రోజు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దంది."

"ఓహో," అన్నారు మాస్టారు. ఆ ఓహోలో వెటకారం లేదు. అదే ఆవిడకి ఎక్కువ మండింది.

మళ్ళీ ఆయనే అన్నారు. "నిన్న సాయంత్రం నిన్ను అడిగాను."

"అడిగారు."

"పది వెయ్యమని నువ్వంటే వేద్దామనుకున్నాను. ఇవాళ కూడా పెన్ను పట్టుకుని నీ కేసే చూశాను. నువ్వు ఫ్యాను చూస్తున్నావు." మాటకీ మాటకీ మధ్య ఆయన చాలా దూరం నడిచి వస్తున్నట్టుంది. "నా అంతట నేను వేస్తే ఈ బండి ఎక్కేదాకా కూడా ఆగవు నువ్వు. ఎవరో పరాయి పిల్లకి వేశారే, మరి చిట్టికెందుకు వెయ్యలేదని అడుగుతావు. దానికి నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదికైతే ఉంది. నేనెవరికీ పది వెయ్యను, అంతే. నాకున్నది ఆ ఒక్క జవాబే. దాన్ని పోగొట్టుకోలేకపోయాను."

"అందుకని ఆ పిల్ల కొంప తీశారు."

"ఇద్దరం తీశాం," అన్నారు మాస్టారు.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. పెద్దవయసు మనిషి, జంటల తగాదాలు చాలా మోసినవాడు. మాటలు సగం విని, సామానేదో మరిచిపోయారనుకున్నాడు. "ఏమైనా వదిలేశారా సార్? వెనక్కి తిప్పమంటే తిప్పుతాను. ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోవచ్చు. మీ రైలుకి ఇంకా రెండు గంటలుంది. ఏదైనా సరే ఇక్కడే చెప్పండి. ముందు వంతెన వస్తుంది, అది ఎక్కితే చాలా దూరం తిరగడానికి చోటుండదు."

వేగం తగ్గించి బండిని రోడ్డు పక్కకి తీశాడు.

మాస్టారు ఇటు తిరిగారు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. కళ్ళజోడు లేకపోతే ఆయన ముఖం ఎప్పుడూ అంతే, ఎవరో బడికి తీసుకొచ్చి వదిలేసిన పిల్లవాడిలా ఉంటుంది. "నువ్వు చెప్పు," అన్నారు. "నువ్వు చెబితే వెళ్దాం. కార్డు ఇంకా సొరుగులోనే ఉంటుంది. కొట్టేసి రాస్తాను. పొరపాటున రాశానని చెబుతాను."

ఆవిడ కళ్ళ ముందు అదంతా జరిగిపోయింది. బండి వెనక్కి తిరుగుతుంది. ఈయన కౌంటరు దగ్గరికి వెళ్ళి తొమ్మిదిని కొట్టేసి, పక్కన పది రాసి, కింద సంతకం పెడతారు. ఆ పిల్ల ఈయన రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తుంది. ఈయనా ఏడుస్తారు. అక్కడితో ఈయన పది వేసిన మనిషి అయిపోతారు. లోకంలో ఒకరికి వేసిన మనిషి. తేలికపడిపోతారు. ఈ రాత్రి ఈయనకి నిద్ర పడుతుంది. వచ్చే నెలలో ఏదో ఒక గదిలో ఒక పిల్ల ఒక తల్లి పక్కన పడుకుంటుంది. మరి తన దగ్గర ఏం మిగులుతుంది? ఏ మాట పెట్టుకుని పొద్దున లేవాలి? చిట్టి తాలూకు బట్టలు ఎవరెవరికో ఇచ్చేశారు. పుస్తకాలు బడికి ఇచ్చేశారు. దాని తాలూకు మిగిలింది ఆ ఒక్క ప్రశ్నే. అది కూడా తీర్చేసుకుని వెళ్ళిపోతానంటున్నారు ఈయన.

వాచిన కాలు సలుపుతోంది. మోచెయ్యి దగ్గర ఆ చల్లటి వేళ్ళు పట్టుకున్న చోటు ఇంకా తెలుస్తూనే ఉంది. ఆవిడ చీర కొంగుతో ఆ చోటు తుడుచుకుంది.

"చెప్పండి మేడమ్," అన్నాడు డ్రైవరు.

మాస్టారు చూస్తూనే ఉన్నారు.

"ఏం మరిచిపోలేదు," అంది ఆవిడ. "పోనివ్వండి."

డ్రైవరు గేరు మార్చాడు. వ్యాను వంతెన ఎక్కింది.